పరిశోధనకు ముందు ఎవరిని అడుగవలెను?

కొంతకాలము క్రిందట ఒక యువ వైద్యుడు మా కేంద్రమునకు వచ్చెను. చేతిలో గుడ్డసంచి, సంచిలో పదునొకండు నోటుపుస్తకములు. మా ఆరోగ్య కార్యక్రమమునకై వచ్చు వైద్యులు సాధారణముగా ప్రసంగము వ్రాసికొని వత్తురు. ఈయన లెక్కలు తెచ్చెను. తాను పనిచేయు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము పరిధిలోని పసిపిల్లలకు రెండేండ్లపాటు ప్రతి ఉదయము రాగిజావ ఇప్పించి, నెలకొకసారి తూకము వేయించి, ప్రతి బిడ్డ బరువును తన చేతితో వ్రాసి ఉంచెనట. జావ త్రాగిన పిల్లలు త్రాగనివారికంటె చక్కగా బరువెక్కిరి. ఈ సంగతి నలుగురికి తెలియవలెనని ఆయన కోరిక. రాగుల ఖర్చు, బెల్లము ఖర్చు ఆయన జీతములోనివే. మాకును ఉత్సాహము కలిగినది. తొందరపడి ఆ పక్షపు కార్యక్రమ పత్రికలో ఆయన ప్రసంగమునకు తేదీ, వేళ అచ్చు వేయించితిమి.

అచ్చయిన పిదప మాకు సందేహము కలిగి, ఆ పుస్తకములను మాకు పరిచయస్థులైన ఒక గణాంకశాస్త్ర అధ్యాపకునకు చూపించితిమి. ఆయన ఉద్యోగ విరమణ చేసి చాలకాలమైనది. ఊరిలో అందరును మాస్టారనియే పిలుతురు. అరగంటసేపు పుటలు త్రిప్పి, కళ్ళజోడు తీసి, ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"నాయనా, జావ తాగని పిల్లల్ని ఎవరు ఎంచారు?"

"ఎవరూ ఎంచలేదు మాస్టారూ. అందరినీ రమ్మన్నాం. రానివాళ్లు రాలేదు."

"ఎందుకు రాలేదో రాసుకున్నావా?"

వైద్యుడు మాటాడలేదు. ప్రతి ఉదయము బిడ్డను ఎత్తుకొని కేంద్రమునకు రాగలిగిన తల్లి యెవరు? ఇల్లు దగ్గరగా ఉన్నది, ఇంట అత్తయో ఆడబిడ్డయో సాయమున్నది, తెల్లవారకముందే కూలికి పోనక్కరలేనిది. రాలేకపోయిన తల్లికి ఆ మూడును లేవు. జావ లేకున్నను ఆ ఇంటి బిడ్డకును ఈ ఇంటి బిడ్డకును బరువులో తేడా ఉండియే తీరును. అందులో జావ పాలెంత, ఇంటి పాలెంత అన్నది పదునొకండు పుస్తకములు వెదకినను దొరకదు. ఇంకొక చిక్కు కూడ బయటపడినది. పదునాలుగవ నెలలో పాత త్రాసు చెడిపోగా క్రొత్తది తెప్పించిరి. రెండింటిని పోల్చి చూచినవారు లేరు.

ఆ ప్రసంగము ప్రసారము కాలేదు. ఆ వేళకు వీణ వినిపించితిమి. పత్రికలో చూచి కాచుకొన్న శ్రోతలు వ్రాసిన ఉత్తరములకు క్షమాపణ చెప్పుకొంటిమి. తప్పు మాదే గదా. వైద్యుడు మాత్రము మా వరండాలో చాలసేపు కూర్చుండి, చివరకు ఒక మాట అనెను. "నా శ్రమ పోతే పోయిందండి. ఆ తల్లులు నన్ను నమ్మి రెండేళ్లు రోజూ నడిచి వచ్చారు." ఆ మాట మమ్ము వదలలేదు. ఈ విషయమును గురించి ప్రసంగింపవలెనని అప్పుడే అనుకొంటిమి.

ఇట్టి దుఃఖము క్రొత్తది కాదు. 1938లో కలకత్తా నగరమున జరిగిన మొదటి భారత గణాంకశాస్త్ర మహాసభకు ఇంగ్లండునుండి రోనాల్డ్ ఫిషర్ అధ్యక్షుడుగా వచ్చెను. ప్రయోగము ముగిసిన పిమ్మట గణాంకవేత్తను సంప్రదించుట శవపరీక్షకు పిలిచినట్లుండుననియు, ఆ ప్రయోగము ఏ రోగముతో మరణించినదో చెప్పుట తప్ప అతడు చేయగలిగినది ఉండదనియు ఆయన ఆ సభలో అనెను. ఆ సభవారిని కూడగట్టిన మహలనోబిస్ వృత్తిరీత్యా భౌతికశాస్త్రాచార్యుడు. 1931లో భారత గణాంక సంస్థను స్థాపించినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన సి. ఆర్. రావుగారు 1941లో ఆ సంస్థకే శిష్యుడుగా వెళ్లి, ఆ శాస్త్రమునందు లోకము గుర్తించిన ఆచార్యులై, 2023లో 102 ఏండ్ల వయస్సున గతించిరి. తెలుగువారికి ఈ శాస్త్రము పరాయిది కాదని జ్ఞాపకము చేయుటకే ఈ మాట.

వైద్యమునకు లెక్కలవాడు ఎందుకని అడుగువారు ఇప్పటికిని ఉన్నారు. వారికి బ్రాడ్‌ఫర్డ్ హిల్ కథ చెప్పవలెను. ఆయన మొదటి ప్రపంచయుద్ధకాలమున సైన్యములో ఉండగా క్షయవ్యాధి సోకినది. వైద్యుడు కావలెనన్న కోరిక దానితో పోయినది. మంచముపై ఉండియే తపాలా పాఠములతో లండను విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర పట్టము సంపాదించెను. రెండవ యుద్ధము ముగిసిన పిమ్మట స్ట్రెప్టోమైసిన్ అను క్రొత్త మందు అమెరికానుండి వచ్చినపుడు, బ్రిటనులో దానిని కొనుటకు డాలర్లు లేవు. వచ్చిన కొలది మందు అందరు రోగులకు చాలదు. ఎవరికి ఇవ్వవలెను? బ్రిటిషు వైద్య పరిశోధన మండలివారు హిల్ సలహాపై, వైద్యుని ఇష్టమునకు గాని రోగి పలుకుబడికి గాని తావులేకుండ, యాదృచ్ఛిక సంఖ్యలనుబట్టి నిర్ణయము వ్రాసి కవర్లలో మూసి ఉంచిరి. రోగిని చేర్చుకొన్న తరువాతనే కవరు విప్పుట. 107 మంది రోగులలో 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమే లభించినవి. ఆరు నెలలలో మొదటి వర్గమున నలుగురు, రెండవ వర్గమున పదునలుగురు మరణించిరి. 1948లో వెలువడిన ఆ ఫలితమును కాదనగలవారు లేకపోయిరి. మందు మహిమ వైద్యులు కనుగొన్నదే. నమ్మదగిన రుజువు మాత్రము వైద్యుడు కాలేకపోయిన ఒక మనిషి సలహావలన వచ్చినది.

అంతకంటె మనకు దగ్గరి కథ మద్రాసుది. ఆ దినములలో క్షయ సోకినవానికి మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము వంటి శానిటోరియము శరణ్యము. మంచము దొరకుట దుర్లభము. దొరికినను సంపాదించువాడు నెలల తరబడి ఇల్లు విడిచిన కుటుంబము ఏమగును? ఐసోనియాజిడ్, పాస్ అను మందులు నోటితో మ్రింగదగినవి గనుక, రోగిని ఇంటనే ఉంచి నయము చేయవచ్చునా అన్న ప్రశ్న పుట్టినది. దీనిని తేల్చుటకు 1956లో భారతీయ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి నాలుగును కలసి చేట్‌పట్టులో ఒక కేంద్రమును నెలకొల్పినవి. నేడు అది జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ప్రసిద్ధము.

193 మంది పేదరోగులను హిల్ నేర్పిన పద్ధతిలోనే రెండు వర్గములుగా విభజించి, కొందరిని శానిటోరియమునకు పంపి, కొందరిని ఇంటనే ఉంచి, ఒక సంవత్సరము ఒకే మందులు ఇచ్చిరి. ఇంటనున్నవారు మందు మ్రింగుచున్నారో లేదో చూచుటకు ఆరోగ్య సందర్శకులు చెప్పకుండ ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కించిరి, మూత్రమును పరీక్షించిరి. 1959లో ఫలితము ప్రకటించిరి. కఫములో క్రిములు అణగినవారు శానిటోరియమున నూటికి 92 మంది, ఇంట నూటికి 86 మంది. ఇంటివారి తిండి తక్కువ, గది ఇరుకు, విశ్రాంతి సున్న. ఐనను తేడా ఇంతియే.

ఇందులో మేము ఎక్కువగా మెచ్చునది మరియొకటి. రోగి ఇంటనే యున్నచో పిల్లలకు అంటుకొనదా అన్నది అందరి భయము. ఆ కుటుంబములలోని పెద్దలను పిల్లలను కూడ పరీక్షించుచు ఐదేండ్లు వెంట నడువవలెనని పరిశోధకులు ఆరంభముననే తలంచిరి. ఆ కారణముచేతనే, ఇంటనుండి చికిత్స పొందిన రోగులవలన ఇంటివారికి ఎక్కువ ముప్పు కలుగలేదని చెప్పగలిగిరి. సంవత్సరము గడచిన తరువాత ఆ ప్రశ్న తోచియున్నచో, ఆ కుటుంబములను తిరిగి వెదకి పట్టుకొనుట ఎవరి తరము? లోకమంతటను క్షయరోగులు నేడు ఇంట మందు వాడుకొని నయమగుచున్నారన్న, అందులో చేట్‌పట్టు రోగుల ఋణము కొంత గలదు.

సరే, నలుగురు మహా సంస్థలు కలసినపుడు సలహాకు కొరతయుండదు. మన జిల్లాలోని వైద్యుడు, నర్సు, కళాశాల అధ్యాపకుడు ఎక్కడికి పోవలెను? ఇంగ్లండులో దీనికి ఒక ఏర్పాటు చేసిరి. 2008 నుండి ప్రాంతమునకొక సలహా కేంద్రమును పెట్టి, పరిశోధన తలపెట్టినవారికి గణాంకవేత్తలు, ఆరోగ్య అర్థశాస్త్రజ్ఞులు మొదలగువారి సలహాను రుసుము లేకుండ ఇప్పించిరి. 2023 అక్టోబరు నుండి ఆ స్థానమున పరిశోధన సహాయ సేవ అను పేరుతో మరియొక ఏర్పాటు నడచుచున్నది. మన ప్రతి జిల్లా కేంద్రమునను అట్టి బల్ల ఒకటి, దాని వెనుక తీరికగా వినగల మనిషి ఒకరు ఉండిన బాగుండునని మా అభిప్రాయము. అంతవరకు, ఉన్నవారినే వెదకికొనవలెను. ఉన్నవారును తక్కువ కారు.

అన్నిటికంటె దగ్గరిది వైద్య కళాశాలలోని సామాజిక వైద్య విభాగము. అచ్చట గణాంకములు నేర్పువారు ఉందురు. వారివద్దకు పోవునపుడు లెక్కలు తీసికొనిపోనక్కరలేదు. ఒక కాగితముపై ప్రశ్న వ్రాసికొని పోయిన చాలును. ఎంతమందిని చేర్చుకొనవలెనన్నది వారు మొదట తేల్చు విషయము. ఇందులో ఒక చిత్రమున్నది. కనుగొనదలచిన తేడా సగమైనచో, కావలసిన మనుష్యులు రెట్టింపు కారు, నాలుగింతలు అగుదురు. ఇది ముందు తెలియక ఏబదిమందితో ఆరంభించి, ఏమియు తేలక ముగించిన వ్రాతలు కళాశాలల బీరువాలలో ఎన్ని మూలుగుచున్నవో! చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థవారు పరిశోధన పద్ధతుల ప్రాథమిక పాఠములను ఇంటర్నెట్‌పై చెప్పుచున్నారు. ఆహారమును గురించిన ప్రశ్నయైనచో హైదరాబాదులో తార్నాక చెంత జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరున మాక్‌కారిసన్ ఒక్క గదిలో ఆరంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ధనసహాయమునకు భారతీయ వైద్య పరిశోధన మండలి ఉన్నది. 1911లో మరియొక పేరుతో పుట్టి 1949లో ఈ పేరు ధరించిన ఆ మండలి, వైద్య విద్యార్థుల చిన్న పరిశోధనలకు సైతము 1979లో స్వల్పకాలిక వేతనములు ఆరంభించినది. ఈ సంగతి తెలియని విద్యార్థులు మాకు కనబడుచునే ఉన్నారు.

ప్రశ్ననుబట్టి నిపుణుడు మారును. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన నడుములు వంగిపోవు వ్యాధిని గురించి 1955లోనే సిద్దికీ అను వైద్యుడు ఒక బ్రిటిషు పత్రికలో వ్రాసెను. అట్టి వ్యాధిని శోధించుటకు వైద్యుడొక్కడే చాలడు. నీటిని పరీక్షించు రసాయనికుడు, ఎముకల ఎక్స్‌రే చదువువాడు, నేలక్రింది రాళ్ల తత్త్వము తెలిసినవాడు కలసిరావలెను. శ్రీకాకుళపు ఉద్దానములో మూత్రపిండముల వ్యాధికి కారణము ఇదియేయని ఇంకను తేలలేదు. అచ్చటను ఒక్క శాస్త్రమువారితో తెమలు పని కాదు.

ఇక నైతిక సంఘము. పరిశోధకులలో పెక్కురు దీనిని అడ్డుగోడగా భావింతురు. 2009లో ఖమ్మము జిల్లాలో పదినుండి పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకా ఇచ్చి చూచు పథకమొకటి నడచినది. 2010 ఏప్రిలులో ప్రభుత్వము దానిని ఆపివేసినది. బాలికలలో సంభవించిన మరణములకు టీకా కారణము కాదని విచారణలో తేలినది. టీకా మంచిదే కావచ్చును. కాని అంగీకార పత్రములలో చాలవాటిపై తలిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకము చేసిరని బయటపడినది. 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగా తప్పుపట్టినది. బిడ్డను కన్నవారిని అడుగని పరిశోధనను ఆ ఊరివారు ఎట్లు నమ్ముదురు? ఒక మంచి టీకాపై అనుమానము పుట్టుటకు అంతకంటె ఏమి కావలెను?

ఈ పత్రిక చదువు గృహస్థులకు ఈ సందర్భమున ఒక మాట. మీ ఇంటికి ఎవరైన వచ్చి, పరిశోధనకని రక్తమో వివరములో అడిగినచో, ఇయ్యవలదని మేము చెప్పము. అడుగుడు. ఏ నైతిక సంఘము అనుమతించినది? వివరముల పత్రము తెలుగులో ఉన్నదా, దాని ప్రతి మాకు ఇత్తురా? చదువురాని అవ్వకు చదివి వినిపించునపుడు పరిశోధకులకు సంబంధింపని సాక్షి ఎవరు? మధ్యలో మానుకొనదలచిన మా చికిత్సకు లోపము కలుగదుగదా? మందును గాని చికిత్సను గాని పరీక్షించు ప్రయోగమైనచో, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని సంఖ్య యేది? 2007లో ఆరంభమైన ఆ చిట్టాలో నమోదునకు రుసుము లేదు. 2018 ఏప్రిలు 1 నుండి మొదటి మనిషిని చేర్చుకొనుటకు ముందే నమోదు కావలెనన్నది నియమము. మంచి పరిశోధకుడు ఈ ప్రశ్నలకు కోపింపడు. పైగా సంతోషించును.

మన యువ వైద్యుని సంగతి చెప్పక ముగింపరాదు. ఆయన ఆ పదునొకండు పుస్తకములు కట్టి పైన పెట్టి, మాస్టారిని తన ఊరికి తీసికొనిపోయెను. మాస్టారు చీటీలు వేసి సగముమంది పిల్లలకు జావ, సగముమందికి లేదు అని విభజింతమనిరి. రావిచెట్టు క్రింద కూర్చుండి అది వివరించుచుండగా ఒక ముదుసలి లేచి అడిగినదట: "బాబూ, మా ఇంట్లో ఇద్దరు మనవళ్లు. చీటీలో ఒకడికే వస్తే, వాడొక్కడికే పోసి రెండోవాడి మొహం ఎట్లా చూడమంటావు?" మాస్టారు కొంతసేపు మౌనముగా ఉండి, "అమ్మా, నువ్వు చెప్పిందే నిజం. నాకు తోచలేదు" అనిరట. ఒకే ఇంట, ఒకే వీధిలో పంచుకొని త్రాగు జావకు బిడ్డకొక చీటీ పనికిరాదు. అంగన్‌వాడీకొక చీటీ అని మార్చిరి. అట్లు మార్చినందున పిల్లల సంఖ్య పెంచవలసివచ్చినది; ఒక ఊరి పిల్లలు ఒకరినొకరు పోలియుందురు గనుక లెక్కకు ఎక్కువ ఊళ్లు కావలెనట. మూడు అంగన్‌వాడీలతో తలపెట్టినది పక్క మండలములోనికి కూడ ప్రాకినది.

వైద్య కళాశాల నైతిక సంఘమువారు దరఖాస్తును రెండుమార్లు త్రిప్పి పంపిరి. జావ రాని ఊరిలో బిడ్డ ఒకడు మరీ కృశించినచో ఏమి చేయుదురన్నది వారి మొదటి ప్రశ్న. వెంటనే ఆస్పత్రిలోని పోషకాహార విభాగమునకు పంపుదుమని, ఏడాది ముగియగానే ఆ ఊళ్లకును జావ ఇత్తుమని వ్రాసి ఇచ్చిన మీదట అనుమతి లభించినది. వైద్యునకు మొదట కష్టము తోచెను గాని, ఆ ప్రశ్న తనకు ముందుగా తోచనందుకు ఎక్కువ సిగ్గుపడితినని మాతో చెప్పెను. రిజిస్ట్రీలో సంఖ్యయు వచ్చినది.

మొదటి తూకమునాడు మమ్మును రమ్మనిరి. ధ్వనిముద్రణ యంత్రము తీసికొని వెళ్లితిమి. తల్లులు బారులు తీరి ఉండిరి. పిల్లలు త్రాసును చూచి ఏడ్చుచుండిరి. మాస్టారు ఎవరిని తొందరపడనీయక, ఐదు కిలోల ప్రమాణపు రాయిని ముందుగా త్రాసుపై పెట్టించి, వంగి చూచి, "ఐదు. రాయండి" అనిరి. ప్రతి తూకపు దినమునను ఇట్లే చేయవలెనట. ఆ ధ్వనులన్నియు మా వద్ద భద్రముగా ఉన్నవి. ఫలితము తేలువరకు వాటిని ప్రసారము చేయరాదని మాస్టారి ఆజ్ఞ. ఈమారు మేము పత్రికలో తేదీ వేయలేదు.